చూడకుండా పెట్టిన టిక్కు

"ఆ ఉప్పు డబ్బా తీసి పక్కన పెట్టు. కాగితం మీద మరక పడితే మళ్లీ టైపు చేయించాలి," అంది వదిన.

డబ్బా తీశాను. ఫ్యాను గాలికి కాగితం లేచింది. మళ్లీ డబ్బా పెట్టాను.

"తియ్యమంటే పెడతావేంటి?"

"ఎగిరిపోతోంది వదినా."

"ఎగిరిపోతే బాగుణ్ణు," అన్నారు మా ఆయన, పేపరు చాటు నుంచి.

వదిన తమ్ముడి వైపు చూసింది. ఆయన పేపరు ఇంకాస్త పైకి ఎత్తుకున్నారు.

పొద్దున పదింటికి ఆఫీసు నుంచి టైపై వచ్చింది ఆ కాగితం. నాలుగే వాక్యాలట. కింద మామయ్యగారి సంతకానికి ఖాళీ. సాయంత్రం నాలుగింటికి డాక్టరుగారు వచ్చి మామయ్యగారిని చూస్తారు. ఆ తర్వాత సంతకం. అది పడితే, ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట సైకిలు షాపు మీది ఒక్క గదిలో ఆయన మొదలుపెట్టిన ఆడిటాఫీసులో ఇక ఆయన సంతకం చెల్లదు. ఇంటి వెనక గుర్రాలూ ఉండవు.

ఇంతవరకు విన్నదే. నేను చదవలేదు. ఈ ఇంట్లో కాగితాలు చదివేవాళ్లు వేరే ఉన్నారు.

"ఇంకోసారి ఆలోచిద్దాం అక్కా," అన్నారు మా ఆయన.

"ఆలోచించు. నీ ఆలోచన అయ్యేలోపు పేపరువాళ్లు రాసేస్తారు. గాలిపటం పిల్ల అని సంతకం పెట్టి నమోదు చేయించారు నాన్న. రక్తం పరీక్షలో అది దొరసాని పిల్లని తేలింది. ఇప్పుడు ఊళ్లోవాళ్లు రెండే అనుకోవాలి. కావాలని చేశాడనైనా అనుకోవాలి, మతి తప్పిందనైనా అనుకోవాలి. ఏది నయమో నువ్వే చెప్పు."

గాలిపటం ఏడు పందేలు గెలిచిన గుర్రం. దొరసాని ఒక్కటీ గెలవలేదు. దానికి తన్నడం ఒక్కటే వచ్చు. కిందటేడు రెండూ వారం తేడాలో ఈనాయి. రెండు పిల్లలూ ముదురు గోధుమరంగే. రెండింటికీ వెనక కాలు ఒకటి తెల్లగా మేజోడు తొడిగినట్టుంటుంది. గాలిపటం పిల్లకి ఎడమ కాలు, దొరసాని పిల్లకి కుడి కాలు.

ఆ ఎడమా కుడీ దగ్గరే ఈ ఇల్లు తలకిందులైంది.

"మతి తప్పిందని నాన్న నోటితో నాన్నే ఒప్పుకోవాలంటే ఎలా అక్కా?"

"నాకేమైనా సరదానా?" వదిన గొంతు ఒక్కసారిగా తగ్గింది. "పోయిన నెల సైకిలు షాపువాడు ఫోన్ చేశాడు. నాన్న మెట్ల మీద కూర్చుని పైగది తాళం ఎప్పుడు తీస్తారని అడుగుతున్నారట. ఆ గది వదిలేసి ఇరవయ్యేళ్లు. నేను వెళ్లి తీసుకొచ్చాను. దారంతా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక 'ఎవరికీ చెప్పకమ్మా' అన్నారు. నేనెవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను."

మా ఆయన పేపరు దించారు. చంటిది నా ఒళ్లోంచి వంగి ఉప్పు డబ్బా మూత లాగబోయింది.

"దాన్ని ఇటియ్యి," అని వదిన చంటిదాన్ని తీసుకుంది. అది వెంటనే ఆమె కళ్లజోడు పట్టుకుంది. "వెళ్లి నాన్నను పిలుచుకురా. పొద్దున్నించీ గుర్రాల దగ్గరే. నేను పిలిస్తే ఇంకో అరగంట అంటారు. నువ్వు పిలిస్తే వస్తారు."

నేను పిలిస్తే వస్తారు. ఆ మాట గుచ్చుకుంది.

ఎందుకంటే తప్పు మామయ్యగారిది కాదు, నాది. ఆ సంగతి నాకు తెలుసు. మామయ్యగారికి తెలుసో, తెలిసీ మరిచిపోయారో, తెలిసీ దాస్తున్నారో, అది మాత్రం రక్తం పరీక్ష వచ్చిన ఈ మూడు రోజులుగా అర్థం కావడం లేదు.

*

పెరటి గుమ్మం దాటితే గడ్డి నేల. దాని చివర రేకులతో పొడవాటి గుర్రాల సాల.

మామయ్యగారికి ఆఫీసులోనూ సాలలోనూ ఒక్కటే పద్ధతి. మొదట చూసినవాళ్లు నీలం పెన్సిలుతో టిక్కు పెట్టాలి. రెండో మనిషి తన కళ్లతో తను చూసి ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాలి. రెండూ పడ్డాకే ఆయన పచ్చసిరాతో సంతకం. ఆఫీసులో చాటుగా ఆయన పేరు పచ్చసిరా. 'పచ్చసిరా గారికి ఆకలేసినా రెండు టిక్కులు పడితేగానీ నోరు తెరవరు' అని నవ్వుకుంటారు.

సాలలో నీలం పెన్సిలు గుర్రాలు చూసుకునేవాళ్లది. ఎర్ర పెన్సిలు నాది.

తొమ్మిదో తరగతిలో మా అమ్మకి జబ్బు చేసి బడి మానేశాను. ఈ ఇంటికొచ్చిన కొత్తలో నలుగురిలో కూర్చోవాలంటే సిగ్గు. ఒకరోజు మామయ్యగారు అట్ట వేసిన నోటుబుక్కు ఒకటి, ఎర్ర పెన్సిలు ఒకటి నా చేతిలో పెట్టారు. "చదువుకున్నవాళ్లు చదువుతారు తల్లీ, చూడరు. నాకు చూసేవాళ్లు కావాలి" అన్నారు. ఆ ఎర్ర పెన్సిలు ఇంటి తాళాల కంటే ఎక్కువగా దాచుకున్నాను.

పాలు మాన్పించే రోజు తల్లుల్ని, పిల్లలకి అరుపు వినపడనంత దూరం తోలుకెళ్లిపోతారు. అందుకని తల్లులు కదలకముందే ప్రతి పిల్లనీ నోటుబుక్కులో రాసిన గుర్తులతో సరిచూసి, మెడపట్టీకి ఇత్తడి బిళ్ల కట్టాలి. తల్లి పక్కన లేకపోతే ఆ బిళ్లే సాక్ష్యం.

నాలుగు నెలల కిందట ఆ రోజు చంటిదానికి ఒళ్లు కాలిపోతోంది. కొత్తగా వచ్చిన గుర్రాలతను సాలలోంచే "కట్టేశానండీ, నీలం టిక్కు పెట్టేశాను" అని కేకేశాడు. నేను వరండాలోంచి కదల్లేదు. భుజం మీద చంటిదాన్ని పెట్టుకుని, రెండో చేత్తో ఎర్ర టిక్కు పెట్టేశాను.

కాసేపటికి మామయ్యగారు వచ్చారు. "చూశావా తల్లీ?" అని అడిగారు.

"చూశాను మామయ్యగారూ."

అంతే. ఆయన నోటుబుక్కు వరండా స్తంభానికి ఆనించి పచ్చసిరాతో సంతకం పెట్టారు.

*

సాలలో మామయ్యగారు ఒక పిల్ల వెనక నిలబడి ఉన్నారు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. తెల్ల జుట్టులో గడ్డిపరక ఒకటి. పక్కనే నీళ్ల తొట్టి గట్టు మీద నాడా తాత, చంక కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఈ సాలలో మొదటి గుర్రం నుంచీ నాడాలు కొట్టింది ఆయనే.

"ఇలా రా తల్లీ," అన్నారు మామయ్యగారు. "దీని తెల్ల కాలు ఏ వైపు?"

"కుడి వైపు మామయ్యగారూ."

"ఇప్పుడు ముందుకెళ్లి దాని మొహం చూస్తూ చెప్పు."

ముందుకెళ్లాను. పిల్ల నా చెయ్యి వాసన చూసింది. ముందు నుంచి చూస్తే ఆ తెల్ల కాలు నా ఎడమ చేతి వైపుంది.

"అదీ సంగతి," అన్నాడు నాడా తాత. "గుర్రానికి ఎడమంటే గుర్రం ఎడమ, మనిషి ఎడమ కాదు. ఆ కొత్తోడు ఎదురుగా నిలబడి బిళ్లలు కట్టాడు. నేనుంటే ఒక్క చూపులో పట్టేసేవాణ్ణి. ఆ దొరసాని నన్ను ఆసుపత్రిలో పడుకోబెట్టి మరీ పిల్లను మార్చుకుంది. గొప్ప ఆడది."

"కాలికేమైంది నీకు?" అడిగారు మామయ్యగారు.

నాడా తాత ఆయన వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"దొరసాని తన్నింది కదయ్యగారూ. అయిదు నెలలైంది. మీరేగా ఆసుపత్రిలో చేర్పించారు."

"ఆఁ. అవును. తన్నింది." మామయ్యగారు పిల్ల వీపు మీద చెయ్యి వేసి అటు తిరిగారు. "నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ ఒకటే చెప్పేవాణ్ణి. చూసిందే రాయాలి, తెలిసింది కాదు. సైకిలు షాపు మీది గదిలో ఒక్కటే బల్ల. పగలు దాని మీద పని, మధ్యాహ్నం దాని మీదే నిద్ర. అప్పుడే ఓ పెద్దమనిషి పందేలశాల మూసేశాడు. కుంటి గుర్రం ఒకటి మిగిలిపోయింది. ఎవరూ తీసుకెళ్లలేదు. లెక్కలు పరీక్షించడానికి వెళ్లినవాణ్ణి, ఉన్న గుర్రాలు పన్నెండని రాయాలి. కుంటిదాన్ని లెక్కలోంచి తీసేయమన్నారు. అది నా వైపే చూస్తోంది. పదమూడని రాశాను. దాన్ని ఇంటికి తోలుకొచ్చాను. గాలిపటానికి అమ్మమ్మ అది."

"మీ అత్తగారు నెల్లాళ్లు మాట్లాడలేదు," అన్నాడు నాడా తాత నాతో. "నెల తర్వాత 'దానికి దాణా పెట్టారా' అని అడిగింది. ఇక గుర్రం ఇంటిదైపోయింది."

మామయ్యగారు నవ్వలేదు. "అంత పాతది కళ్లకు కట్టినట్టుంది. నాలుగు నెలల కిందటి రోజు గుర్తు రావడం లేదు. బిళ్లలు కట్టేటప్పుడు చూశానా? చూడకుండా సంతకం పెట్టను. పెట్టానంటే చూసే ఉండాలి. చూస్తే ఇలా ఎందుకవుతుంది?"

నా గొంతులో మాట తయారుగా ఉంది. మీరు నన్ను అడిగారు. నేను చూశానన్నాను. రెండే వాక్యాలు. నోటిదాకా వచ్చి పళ్ల దగ్గర ఆగిపోయాయి.

"రెండో టిక్కు కూడా ఉండాలిగా అయ్యగారూ," అన్నాడు నాడా తాత. అలా అంటూ నా మొహం చూడలేదు, నా చేతులు చూశాడు.

"ఉంది," అన్నారు మామయ్యగారు.

"మామయ్యగారూ, వదిన రమ్మంటున్నారు. డాక్టరుగారు నాలుగింటికి..."

"వస్తున్నాను." రెండడుగులు వేసి ఆగారు. "చంటిదానికి మళ్లీ జ్వరం రాలేదు కదా?"

మళ్లీ.

చంటిది పుట్టాక దానికి జ్వరం వచ్చింది ఒక్కసారే. ఆ ఒక్కరోజే.

ఆ రోజు గుర్తుందన్నమాట. లేకపోతే, తాతయ్యలందరూ అడిగినట్టు ఊరికే అడిగారా? ఆయన మొహంలోకి చూశాను. జుట్టులో గడ్డిపరకతో చిన్నపిల్లాడిలా నిలబడి ఉన్నారు. ఏమీ తెలియలేదు.

"రాలేదండీ," అన్నాను.

*

గదిలో మా ఆయన చొక్కా మార్చుకుంటున్నారు. తలుపు దగ్గరగా వేసి అంతా చెప్పేశాను. కేక, టిక్కు, వరండా, స్తంభం. ఆయన గుండీలు పెట్టుకుంటూ విన్నారు. ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నారు.

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే."

"మంచిది. ఇక చెప్పకు."

"చెప్పకపోతే మామయ్యగారికి మతి తప్పిందని రాసేస్తారు కదండీ."

"చెప్తే? అక్క నిన్ను రేపటి నుంచి ఎలా చూస్తుందో తెలుసా? పెళ్లప్పుడే అంది, 'తొమ్మిదో తరగతి పిల్లను తెచ్చుకుంటున్నావు, ఇంట్లో ఆయాగా బానే ఉంటుంది' అని. నేను నీకు చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పారుగా."

ఆయన గుండీ విప్పి మళ్లీ పెట్టుకున్నారు. "అది కాదు. నాన్న ఎలాగూ అలిసిపోయారు. ముప్ఫై ఆరేళ్లొచ్చాయి నాకు. ఆఫీసులో ఇంకా 'అబ్బాయిగారూ' అంటారు. ఎప్పటికైనా ఆ సంతకం నా చేతికి రావాలి కదా."

"అంటే ఈ తప్పు మీకు కలిసొచ్చిందన్నమాట."

"ఏమన్నావ్?"

"ఏం లేదు."

ఆయన మంచం మీద కూర్చున్నారు. "అసలు నాన్న నిన్ను అడిగారన్న సంగతి ఆయనకు గుర్తుందా?" అన్నారు.

"అదే తెలియడం లేదు."

"గుర్తుంటే చెప్పేవారుగా. 'కోడలు చూశానంది' అని ఒక్క మాట అంటే ఆయన బయటపడిపోతారు. అనలేదంటే గుర్తులేనట్టే. గుర్తులేదంటే అక్క అన్నది నిజం."

"లేదా నన్ను కాపాడుతున్నారు."

"నాన్నా?" అన్నారు. "సొంత కొడుకు తప్పు రాస్తే నలుగురి ముందు కాగితం చించిన మనిషి."

బయట కారు ఆగిన చప్పుడైంది.

*

డాక్టరుగారు మామయ్యగారికి బడి స్నేహితుడు. ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో కాగితం, దాని మీద ఉప్పు డబ్బా. వదిన ఒక పక్క, మా ఆయన ఒక పక్క. టీ కప్పులు పెట్టి గోడవారన నిలబడ్డాను. చంటిది గదిలో నిద్రపోతోంది.

"ఏమోయ్, వందలోంచి ఏడు తీసేస్తూ చెప్పు," అన్నారు డాక్టరుగారు.

"తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్బై తొమ్మిది." మామయ్యగారు టీ తాగుతూ ఆగకుండా పోయారు. "పదహారు. తొమ్మిది. రెండు. ఇంకా దిగితే సున్నా దాటాలి. దాటమంటావా?"

"చాల్లే. ఇందాక మూడు మాటలు చెప్పాను."

"గొడుగు, నది, కుర్చీ. నువ్వు చెప్పింది కుర్చీ, నది, గొడుగు. తిరగేసి చెప్పాను, నీకు గుర్తుందో లేదోనని."

డాక్టరుగారు నవ్వారు. మా ఆయనా నవ్వబోయి అక్కను చూసి ఆగారు.

"పొద్దున ఏం తిన్నావ్?"

"తినలేదు. అది మరిచిపోవడం కాదు, ఎగ్గొట్టడం."

"అవి బడిపిల్లల ప్రశ్నలు డాక్టరుగారూ," అంది వదిన. "అసలు సంగతి అడగండి. గుర్రప్పిల్లలకి బిళ్లలు కట్టిన రోజు."

మామయ్యగారు కప్పు కింద పెట్టారు. సాసరులో కాక పక్కన పెట్టారు.

"చూశాననుకున్నాను," అన్నారు. "చూడందే సంతకం పెట్టను కదా. కానీ చూసినట్టు కళ్లకు కట్టడం లేదు. ఎంత వెతికినా ఆ రోజు దొరకడం లేదు."

"చూశారా," అంది వదిన మెల్లగా. ఆ గొంతులో గెలుపు లేదు. ఏడుపే ఉంది. "నాన్నా, ఇందులో సిగ్గుపడాల్సింది ఏం లేదు. వయసు. అంతే. సంతకం పెట్టెయ్యండి. రేపటి నుంచి మీరు హాయిగా ఉండండి, మిగతాది నేను చూసుకుంటాను."

మామయ్యగారు జేబులోంచి పచ్చసిరా కలం తీశారు. మూత తిప్పారు.

"ఆయన చూడలేదు," అన్నాను.

అందరూ గోడ వైపు తిరిగారు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"మామయ్యగారు చూడలేదు. చూడక్కర్లేదు కూడా. చూడాల్సింది నేను. రెండో టిక్కు నాది. నన్ను అడిగారు, చూశావా తల్లీ అని. చూశానన్నాను. చూడలేదు."

మా ఆయన కళ్లు మూసుకున్నారు.

"చంటిదానికి జ్వరమని చెప్పుకోవచ్చు. జ్వరం ఒక్కటే కాదు. ఆ తల్లుల్ని తోలుకెళ్తుంటే పిల్లలు అరుస్తాయి. నా ఒళ్లో పాలు తాగే పిల్ల ఉంది. నేను చూడలేకపోయాను. వెళ్లాలనిపించక వెళ్లలేదు. మామయ్యగారికి గుర్తు లేకపోవడం కాదు వదినా. ఆయన చూడని రోజు ఆయనకు ఎలా గుర్తుంటుంది?"

చెప్పేశాక గుండె తేలికైంది. ఇక అయిపోయింది అనుకున్నాను. తిట్టినా, తీసేసినా నన్నే. మామయ్యగారి మతి సరిగానే ఉన్నట్టు తేలిపోయింది.

వదిన నన్ను తిట్టలేదు. తండ్రి వైపు తిరిగింది.

"అడిగారా నాన్నా? చూశావా అని దీన్ని అడిగారా?"

మామయ్యగారు నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. సాలలో పిల్ల మీద చెయ్యి వేసి చూసినట్టే, ఏదో గుర్తు కోసం వెతుకుతున్నట్టు.

"లేదే," అన్నారు. "అడగలేదు."

"అడిగారు మామయ్యగారూ. వరండాలో. స్తంభం దగ్గర."

"అడగలేదమ్మా."

డాక్టరుగారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. ఆ పెన్ను గీతల చప్పుడు నాకు వినపడింది. ఆయన్ను బయటపడేద్దామని నేను చెప్పిన నిజం, ఆయన మతి తప్పిందనడానికి రుజువైపోయింది. పూడ్చబోయిన గోతిని నేనే ఇంకో మూరెడు తవ్వాను.

నిజంగా గుర్తులేదా? లేక నేను అబద్ధం చెప్పానని నలుగురిలో తేలకూడదని, తనే అబద్ధమాడుతున్నారా? ముప్ఫై ఎనిమిదేళ్లు అబద్ధం రాయని మనిషి. జ్వరం మళ్లీ రాలేదు కదా అన్న మనిషి. కాలికేమైంది అన్న మనిషి. ముగ్గురూ ఒకరే. ఎవరిని నమ్మాలి?

"ఇక చాలమ్మాయ్," అంది వదిన నాతో. "నువ్వు మంచిదానివే. లోపలికెళ్లు."

"ఉండనీ," అన్నారు మామయ్యగారు.

ఉప్పు డబ్బా ఎత్తి పక్కన పెట్టారు. కాగితం అందుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నారు. నాలుగు వాక్యాలు చదవడానికి ఎవరికైనా ఎంతసేపు పడుతుంది? ఆయనకు టీ చల్లారేంతసేపు పట్టింది. అప్పుడు కాగితం వదినకు ఇవ్వలేదు. కింద కూడా పెట్టలేదు. బల్ల మీదుగా నా వైపు జరిపారు. చొక్కా జేబులోంచి పెన్సిలు ఒకటి తీసి దాని పక్కన పెట్టారు.

ఎర్ర పెన్సిలు.

"రాసింది మా అమ్మాయి. మొదటి టిక్కు తనదే అనుకుందాం," అన్నారు. "రెండోది పడలేదు. పడకుండా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. కూర్చుని చూడు తల్లీ."

"నాన్నా, దానితో ఏంటి..."

"పద్ధతి," అన్నారు మామయ్యగారు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఈ బల్ల దగ్గర వీళ్లందరితో పాటు నేను కూర్చోవడం అదే మొదటిసారి. అప్పుడే గదిలో చంటిది లేచింది. ముందు చిన్నగా, తర్వాత గట్టిగా ఏడుపు అందుకుంది.

మా ఆయన నా వైపు చూశారు. నేను లేవలేదు. ఆయనే లేచి లోపలికి వెళ్లారు.

మొదటి వాక్యం మీద వేలు పెట్టి, బడిలోలా ఒక్కో మాటా చదివాను. ఆఫీసు పేరు, మామయ్యగారి పేరు, తేదీ. అన్నీ సరిగానే ఉన్నాయి. వేలు రెండో వాక్యం మీదికి జరిపాను.

'ఈ రోజు సాయంత్రం మా కుటుంబ వైద్యులు నన్ను పరీక్షించి, సంతకం బాధ్యతకు తగినంత జ్ఞాపకశక్తి నాకు లేదని నిర్ధారించారు.'

ఇంకోసారి చదివాను. తప్పు చదువుతున్నానేమోనని మూడోసారీ చదివాను. ఇలాంటి తప్పు నాకు కొత్త కాదు. నాలుగు నెలల కిందట ఒకటి నేనే చేశాను.

"వదినా, ఈ కాగితం టైపై పొద్దున పదింటికి వచ్చింది కదా?"

"అయితే?"

"డాక్టరుగారు వచ్చింది నాలుగింటికి." పెన్సిలు నా వేళ్ల మధ్య తిరుగుతోంది. తల ఎత్తి డాక్టరుగారిని చూశాను. "అయ్యా, ఈ రెండో వాక్యం... ఇది ఎవరు చూసి రాశారు?"

డాక్టరుగారు కళ్లజోడు తీశారు. మామయ్యగారి వైపు చూడలేదు. వదిన వైపు చూశారు.

"పొద్దున ఫోనులో..." అని మొదలుపెట్టి ఆగిపోయారు.

మామయ్యగారు కలానికి మూత పెట్టారు. టిక్కుమని చిన్న చప్పుడు.

వదిన చెయ్యి చాచింది. "ఆ కాగితం ఇటియ్యి."

కాగితం మీద నా చెయ్యి ఉంది. తియ్యలేదు.